మండువేసవిలో వేరులేని కొమ్మలు పోస్టులో పంపడం: ఒక పుట్టింటి పెరడు కేసు

మండపేట దగ్గరి ఒక పల్లెలో పాత పెంకుటిల్లు అమ్ముడుపోయింది. కొన్నవారు జూన్ మొదటి వారంలో దాన్ని పడగొట్టి కొత్తది కట్టుకుంటామన్నారు. ఆ ఇంటి పెద్ద కూతురు, రిటైరైన టీచరు గారు, మే మూడో వారంలో కడియపులంకలోని మా నర్సరీకి వచ్చారు. పెరట్లో వాళ్లమ్మ గారు పెంచిన మొక్కల్లో నాలుగింటిని కాపాడుకోవాలన్నారు: ముద్దమందార, దేవగన్నేరు, బొండుమల్లె, గోడకు పాకిన తమలపాకు తీగ. నాలుగూ నిజామాబాద్‌లో ఉన్న చెల్లెలి మిద్దెతోటకు చేరాలి.

అంతకుముందే ఆవిడ ఒక పెట్టె కట్టి కొరియర్‌లో పంపారు. చెప్పిన రోజుకే, నాలుగో రోజున అందింది. తెరిస్తే పులిసిన వాసన, నల్లబడ్డ కొమ్మలు. “తడి ఆరకుండా ఎంతో జాగ్రత్తగా చుట్టాను బాబూ, అయినా దారిలో నీళ్లు చాలక చచ్చిపోయాయేమో. ఈసారి ఇంకా ఎక్కువ తడిపి పంపమంటావా?” అని అడిగారు.

మామూలుగా అయితే ఈ పని తొలకరి దాకా ఆపమంటాను, లేదా గాలి అంటు కట్టి, అంటే కొమ్మ తల్లిమొక్క మీద ఉండగానే వేరు పుట్టించి, ఆ తరువాత పంపమంటాను. గాలి అంటుకు నెల, నెలన్నర కావాలి. అంతకాలం ఆ పెరడు ఉండదు. రోహిణి కార్తె ముంగిట్లో, వేరు లేని కొమ్మలనే, మామూలు టపాలో పంపాలి. ఈ కేసులో వేరే దారి లేదు.

కడియం చుట్టుపక్కల నర్సరీల నుంచి మొక్కలు లారీల మీద దేశం నలుమూలలకూ వెళ్తాయి. వాటికి వేరుంటుంది, సంచిలో మట్టి ఉంటుంది. దారిలో ఆకు వాడినా మట్టిలోని తేమతో మళ్లీ తేరుకుంటాయి. కొమ్మముక్కకు ఆ ఆసరా లేదు. తల్లిమొక్క నుంచి వేరైన క్షణాన తనలో ఎంత నీరు, ఎంత పిండిపదార్థం ఉందో అంతే దాని ఆస్తి. చీకటి పెట్టెలో ఎండ లేదు కాబట్టి కొత్తగా ఆహారం తయారుకాదు. శ్వాసక్రియ మాత్రం ఆగదు. ఉన్న ఆస్తిని తింటూనే ఉంటుంది. వేడి 10 డిగ్రీలు పెరిగితే ఆ ఖర్చు దాదాపు రెట్టింపవుతుంది. కెన్యా, ఉగాండా, ఇథియోపియాల నుంచి యూరప్‌కు వేరులేని పూలమొక్కల కొమ్మలు భారీగా విమానాల్లో వెళ్తాయి. వాటికి కోసిన గంటల్లోనే చల్లని గది, ఆ తరువాత చల్లని వాహనం దొరుకుతాయి. మన టపా సంచికి ఆ వసతి లేదు. చల్లదనాన్ని దారి పొడవునా కొనలేం కాబట్టి, ఆ వేడిలో కొమ్మను చంపే మిగతా కారణాలన్నింటినీ పెట్టెలోకి రాకుండా చేయడమే మన చేతిలో ఉన్న పని.

పాత పెట్టెను చూసి నేర్చుకున్నది

“అమ్మా, మొదటిసారి ఎలా కట్టారో అచ్చం అలాగే ఇక్కడ ఇంకో పెట్టె కట్టండి” అని అడిగాను. ఫోటోలు చూస్తే ఏమి చచ్చిందో తెలుస్తుంది, ఎలా చచ్చిందో తెలియదు. ఆవిడ మర్నాడు పెరట్లో కొమ్మలు కోసుకువచ్చి, మా షెడ్డు నీడలో కూర్చుని కట్టారు. మందార, మల్లె కొమ్మలను ఆకులతో, మొగ్గలతో సహా ఉంచారు. ప్రతి కొమ్మ మొదలుకూ నీళ్లోడుతున్న దూది చుట్టి రబ్బరు బ్యాండు వేశారు. దేవగన్నేరు అప్పుడే కోసింది, పాలు కారుతోంది. దానికీ తడి దూదే. అన్నింటినీ తడి గోనెలో చుట్టి, పాలిథిన్ సంచిలో పెట్టి, మూతికి గాలి చొరబడకుండా టేపు వేశారు. చివరికి పక్కన రెండు పండిన బంగినపల్లి మామిడికాయలు పెట్టారు. “చెల్లికి మన చెట్టు కాయలంటే ప్రాణం. మొదటిసారీ పెట్టాను” అన్నారు.

ఆ పెట్టెను రేకుల షెడ్డులో నాలుగు రోజులు ఉంచాం. ఎండాకాలంలో టపా వ్యాను లోపల ఎలా ఉంటుందో ఆ షెడ్డు కూడా ఇంచుమించు అలాగే ఉంటుంది. మధ్యాహ్నాలు లోపలి థర్మామీటరు 42 డిగ్రీలు దాటింది.

నాలుగో రోజు పెట్టె తెరిచాం. సంచి లోపలి గోడంతా నీటి బిందువులు. పగలు వేడికి గోనెలోని నీరు ఆవిరై, రాత్రి చల్లబడ్డాక మళ్లీ కొమ్మల మీదే కారింది. ఆ సంచి ఇడ్లీ పాత్రలా పనిచేసింది. మందార ఆకులు పసుపుపచ్చగా మారి, తాకితే రాలిపోతున్నాయి. రాలిన ఆకు ఎక్కడ కొమ్మకు అంటుకుందో అక్కడ బూడిదరంగు బూజు మొదలైంది. దూది విప్పితే అసలు సంగతి బయటపడింది. దూది ఎంతవరకు ఉందో సరిగ్గా అంతవరకు బెరడు నల్లబడి, వేలితో నొక్కితే జారిపోయింది. దాని పైన అంగుళం దూరంలో గోటితో గీరితే ఇంకా పచ్చదనం ఉంది. అంటే కొమ్మ ఎండి చావలేదు. నీళ్లు పెట్టిన చోటి నుంచే చావు మొదలై పైకి ఎక్కింది.

టీచరు గారు నలుపు ఆగిన ఆ గీత కేసి చాలాసేపు చూశారు. “నీళ్లు చాలకపోవడం కాదన్నమాట” అన్నారు.

కోసిన కొస అంటే పచ్చి గాయం. దానికి గాలి ఆడని తడి, 40 డిగ్రీల వేడి కలిస్తే మెత్తకుళ్లు బ్యాక్టీరియాకు అంతకంటే మంచి చోటు దొరకదు. దూది తన బరువుకు ఎన్నో రెట్ల నీరు పీల్చుకుని, సంచి ఎక్కడ నొక్కుకుంటే అక్కడ వదిలేస్తుంది. కొమ్మ చుట్టూ ఉన్న గాలి తేమగా ఉంటే చాలు. కొమ్మ ఒంటి మీద నీరు నిలవకూడదు. మొక్కలు పంపేవారిలో చాలామంది ఇక్కడే తప్పుదారి పడుతున్నారు. మొక్క మీద ప్రేమ ఎంత ఎక్కువైతే నీరు అంత ఎక్కువ పోస్తున్నారు.

రెండో కారణం మామిడిపండ్లు. పండే కాయ ఇథిలీన్ అనే వాయువును వదులుతుంది. మామిడి, అరటి, బొప్పాయి మగ్గేది దానివల్లే. అదే వాయువు ఆకుకు తగిలితే తొడిమ దగ్గర పట్టు వదిలేసి రాలిపోతుంది. మందార దీనికి బాగా లొంగే మొక్క. మొగ్గలు రాల్చేసుకోవడంలో ముందుంటుంది. మూసిన సంచిలో రెండు పండ్లు నాలుగు రోజులుంటే ఆకు నిలవదు, రాలిన ఆకు మీద బూజు రాక మానదు. వాడే పూలు, గాయపడ్డ ఆకులు కూడా ఇథిలీన్‌ను వదులుతాయి. అందుకే పండు ఒక్కటే కాదు, పువ్వు, మొగ్గ, నలిగిన ఆకు ఏదీ పెట్టెలోకి పోకూడదు.

మందార కట్టిన తీరు

అసలు పార్శిలులో మందార కట్టడానికే ఎక్కువ సమయం తీసుకున్నాను. మిగతావాటికి ఇందులోంచే కొంత తీసివేయడమో కలపడమో.

ముందు రోజు సాయంత్రం తల్లిమొక్కకు పాదు నిండా నీరు పెట్టించాను. తెల్లవారి ఎండ తగలకముందు కోశాం. రాత్రంతా నీరు తాగిన కొమ్మ అప్పుడే నిండుగా ఉంటుంది. మధ్యాహ్నం కోసిన కొమ్మ సగం దాహంతో బయలుదేరుతుంది. పెన్సిలు మందం, 20 సెంటీమీటర్ల పొడవు, నాలుగైదు కణుపులు. బెరడు ఆకుపచ్చ నుంచి గోధుమరంగుకు తిరుగుతున్న భాగం ఎంచుకున్నాం. కొస చిగుళ్లు వదిలేశాం. లేత చిగురు చూడ్డానికి బాగుంటుంది, దారిలో మొదట చచ్చేదీ అదే.

ఆకులన్నీ తీసేశాం. లాగితే తొడిమతోపాటు బెరడు చీలికలా ఊడివస్తుంది, ఆ చీలికతో చిగురు వచ్చే కన్ను పోతుంది. అందుకని కత్తెరతోనే తీయాలి. కొందరు రెండు ఆకులు సగానికి కోసి ఉంచుతారు. ఒకటి రెండు రోజుల దారికి అది మంచిదే, ఆకు ఉన్న కొమ్మ తొందరగా వేరు పోసుకుంటుంది. నాలుగు రోజుల దారికి, ఈ ఎండలో, ఒప్పుకోను.

మొదలు వైపు ఏటవాలుగా, కొస వైపు అడ్డంగా కోయాలి. ఆకులు లేని కొమ్మలో ఏది పైనో ఏది కిందో అందుకున్నవారికి తెలియదు. తలకిందులుగా నాటినవారిని చాలామందిని చూశాను. ఈ కోతతో చీటీ అక్కరలేకుండా తెలుస్తుంది.

మందార కణుపుల సందుల్లో పిండినల్లి దాక్కుంటుంది. దాన్ని పంపితే చెల్లెలి మిద్దెతోటంతా పాకుతుంది. కొన్ని చుక్కల సబ్బు నీళ్లలో ముంచి, పాత పళ్ల బ్రష్షుతో కణుపులు తుడిచి, మంచినీళ్లలో కడిగి, నీడలో గుడ్డ మీద ఫ్యాను కింద ఆరబెట్టాం. పై తడి పూర్తిగా పోయేదాకా ఆగాలి. ఇక్కడ తొందరపడితే దూది కట్టినట్టే.

కొవ్వొత్తి మైనం కరిగించి, పొయ్యి దించి కాస్త వేడి తగ్గాక, రెండు కొసలనూ ఒక్క క్షణం ముంచి తీశాం. నీరు ఆవిరయ్యే దారీ మూసుకుంటుంది, కుళ్లు ప్రవేశించే దారీ మూసుకుంటుంది. పొగలొచ్చే మైనంలో ముంచితే కొస ఉడికిపోతుంది.

ఇక కాగితం. దినపత్రిక ఒక పూర్తి షీటు నీళ్లలో ముంచి, గట్టిగా పిండి, విప్పి దులిపి, కొద్దిసేపు గాలికి వదలాలి. దాని మీద ఒక పొడి కాగితం ముక్క పెట్టి అరచేత్తో అదిమి చూస్తే ఆ ముక్క చల్లగా అనిపించాలి, మచ్చ పడకూడదు. మచ్చ పడితే ఇంకాసేపు ఆరనివ్వాలి. ఈ ఒక్క పరీక్ష ఎవరు అడిగినా నేర్పుతాను. ఆ షీటు మీద ఒక కొమ్మ పెట్టి ఒక చుట్టు, ఇంకో కొమ్మ పెట్టి ఇంకో చుట్టు తిప్పాం. ఏ రెండూ ఒకదానికొకటి తగలవు, ఒకదానికి కుళ్లు పట్టినా పక్కదానికి వెంటనే అంటదు. పైన రెండు పొడి షీట్లు చుట్టాక పలుచని పాలిథిన్ కవరులో పెట్టి, మూతి మడిచి వదిలేశాం, టేపు వేయలేదు. సూదితో అక్కడక్కడా బెజ్జాలు పెట్టాం. కవరు లేకపోతే రెండో రోజుకే కాగితం పెళుసైపోతుంది, పూర్తిగా మూసేస్తే నీటి బిందువులు పడతాయి. బెజ్జాల కవరు ఈ రెంటికీ మధ్య.

పేర్లు పెన్సిలుతో రాశాం. పెన్ను సిరా తేమకు అలుక్కుపోతుంది.

పెట్టెకు బదులు, బట్టల కొట్లో గుడ్డ తానులు చుట్టే దళసరి అట్ట గొట్టం తెచ్చి పొడవుకు తగ్గట్టు కోశాం. టపా సంచుల కింద పడి అట్టపెట్టె నలుగుతుంది, గొట్టం నలగదు. కట్టలు లోపల కదలకుండా ఖాళీలను నలిపిన పొడి కాగితంతో నింపి, రెండు చివర్లా థర్మోకోల్ బిళ్లలు బిగించాం. కదిలే కొమ్మ బెరడు ఒరుసుకుంటుంది, ఒరుసుకున్న చోటు నుంచే మళ్లీ కుళ్లు.

ఐసు ప్యాకు పెట్టమని అడిగేవారున్నారు. నేను పెట్టను. మన ఉష్ణమండలపు మొక్కలకు 10 డిగ్రీల కింద చలిదెబ్బ తగులుతుంది. ప్యాకు ఆనిన చోట కొమ్మ నల్లబడుతుంది. కొన్ని గంటల్లో ఐసు కరిగాక దాని చుట్టూ పట్టిన చెమ్మ కాగితంలోకి దిగుతుంది. నాలుగు రోజుల దారిలో ఒక పూట చల్లదనం కోసం మిగతా రోజులకు తడి తెచ్చిపెట్టుకున్నట్టే.

మిగతా మూడు

దేవగన్నేరుకు ఇందులో చాలావరకు పనికిరాదు. దాని కొమ్మ లోపలే నీరు నిల్వ ఉంటుంది. బయటి తేమ దానికి శత్రువు. టీచరు గారు మొదటిసారి వచ్చిన మర్నాడే జానెడున్నర కొమ్మలు కోయించి, ఆకులు తీయించి, కారే పాలు కడిగించి, నీడలో వారం రోజులు నిలబెట్టాం. పాలు ఆగి, కోత ముఖం ఎండి గట్టి పొర కట్టాకే కట్టాలి. గోటితో తట్టితే టకటకమనాలి. పొడి కాగితంలో చుట్టి నేరుగా గొట్టంలోకి. కవరు లేదు, మైనం లేదు, నీటి చుక్క లేదు. కొంచెం ముడతలు పడ్డా భయం లేదు. కర్రపెండలం రైతులు తరువాతి పంటకు కర్రలను నీడలో నిలబెట్టి దాచుకుంటారు కదా, ఆ ధైర్యమే దీనికీ సరిపోతుంది.

మల్లెకు మందార పద్ధతే, కొమ్మలు కాస్త సన్నం, పొట్టి.

తమలపాకు తీగ నన్ను మొదటి నుంచీ భయపెట్టింది. నీడలో, నిత్యం తేమలో బతికే తీగ అది. కాగితం కాస్త ఆరితే వాడుతుంది, కాస్త తడిస్తే కుళ్లుతుంది. రెంటికీ మధ్య ఉన్న చోటు వెంట్రుకవాసి. మూడేసి కణుపుల ముక్కలు చేసి, ఆకులు తీసి, తేమ కాగితానికి బదులు కడిగి పిండిన కొబ్బరిపొట్టు మధ్య పెట్టాం. “ఇది బతుకుతుందని మాట ఇవ్వలేనమ్మా, గోడ మీది తీగను మాత్రం ఇప్పుడే పీకించకండి” అని చెప్పాను.

సోమవారం ఉదయం స్పీడ్ పోస్టులో వేశాం. వారం చివర వేస్తే ఆదివారం ఎక్కడో ఒకచోట ఆగుతుంది. వేసవిలో ఒక రోజు ఆగడం చిన్న సంగతి కాదు.

ఈ మధ్యలోనే ఇంకో కోరిక వచ్చింది. చెల్లెలి కొడుకు అమెరికాలో టెక్సస్‌లో ఉంటారు. అమ్మమ్మ పెరటి కరివేపాకు కొమ్మ తనకూ పంపమన్నారు. కట్టనని చెప్పాను. కరివేపాకు నిమ్మ కుటుంబపు మొక్క. నిమ్మ, నారింజ తోటలను చంపే గ్రీనింగ్ తెగులును మోసే పేనుబంక లాంటి చిన్న పురుగు, సిల్లిడ్, కరివేపాకు చిగుళ్ల మీద గుడ్లు పెట్టి పెరుగుతుంది. ఫ్లోరిడాలో ఆ పురుగు 1998లో, తెగులు 2005లో బయటపడ్డాయి. అక్కడి నారింజ తోటల పతనం చూసినవారెవరూ దీన్ని తేలిగ్గా తీసుకోరు. టెక్సస్‌లోనూ ఈ తెగులు పాకకుండా మొక్కల రవాణాపై ఆంక్షలు (క్వారంటైన్) ఉన్నాయి. కొమ్మకు వేరు లేదు కదా, మట్టి లేదు కదా అన్నది జవాబు కాదు. గుడ్డు ఉండేది చిగురులో. కవరులో దాచి పంపే కొమ్మ ఎంత బాగా కట్టినా పంపకూడని కొమ్మే. అక్కడ లైసెన్సున్న నర్సరీలో మొక్క కొనుక్కోమని చెప్పాను.

చేరాక

గురువారం మధ్యాహ్నం పార్శిలు అందింది. ఫోనులో వీడియో చూస్తూ చెల్లెలు గారి చేత ఒక్కో కట్టా విప్పించాను. మందార కాగితం ఇంకా మెత్తగానే ఉంది, కవరు లోపల బిందువుల్లేవు. కొమ్మను గోటితో గీరమన్నాను. బెరడు కింద తడి తడిగా లేత ఆకుపచ్చ కనిపించింది. “అక్కా, పచ్చిగా ఉందే!” అని ఆవిడ కేక వేస్తే ఇటు లైనులో ఉన్న టీచరు గారు మాట్లాడలేకపోయారు.

మైనం అంటిన మొదలును అంగుళం మేర కణుపు కింద తాజాగా కోసి, గంటసేపు నీళ్లలో నిలబెట్టి, ఇసుక, కొబ్బరిపొట్టు సమపాళ్లలో కలిపిన కుండీల్లో నాటించాం. మీద కోసిన నీళ్ల సీసాలు బోర్లించి, మెట్ల కింద నీడలో పెట్టించాం. చేరగానే ఎండలో పెట్టడం, ఎరువు వేయడం రెండూ వద్దని గట్టిగా చెప్పాను. దేవగన్నేరును మాత్రం పొడి ఇసుకలో గుచ్చి, ఆకు కనిపించేదాకా నీరు చిలకరించడం తప్ప పోయవద్దన్నాను.

వానలు నిలదొక్కుకునేసరికి మందారలో ఒకటి రెండు తప్ప అన్నీ వేరు పోసుకున్నాయి. మల్లె సగం దక్కింది. మల్లెకు అంతకంటే ఎక్కువ నేను ఆశించలేదు. దేవగన్నేరు అన్నీ బతికాయి, ఆకులు మాత్రం ఆలస్యంగా వేసింది.

తమలపాకు పోయింది. విప్పేసరికే కణుపులు నల్లబడి ఉన్నాయి. కొబ్బరిపొట్టు తేమ సరిగ్గానే ఉంది, వాసన కూడా లేదు. ఆ తీగ నాలుగు రోజుల వేడికి తట్టుకోలేదంతే. అప్పుడు టీచరు గారే ఒక మాట అన్నారు: “మా చిన్నప్పుడు తమలపాకులు అరటాకులో చుట్టి ఊరూరా తెచ్చి అమ్మేవారు బాబూ. ఒక రాత్రి ప్రయాణమైతే ఆకు వాడేది కాదు.” అరటాకు నాలుగు రోజుల పార్శిలుకు పనికిరాదు, అదే ముందు కుళ్లుతుంది. ఒక రాత్రికి మాత్రం దానంత చల్లని చుట్టు ఇంకొకటి లేదు. సాయంత్రం చల్లబడ్డాక గోడ మీది తీగ నుంచి ఆకులతో సహా ముక్కలు కోసి, అరటాకులో వదులుగా చుట్టి, గాలాడే వెదురు బుట్టలో పెట్టి రాజమహేంద్రవరం నుంచి హైదరాబాద్ వెళ్లే రాత్రి బస్సులో పార్శిలు వేశాం. తెల్లవారి అక్కడ వారి బంధువు అందుకుని నిజామాబాద్ బస్సు ఎక్కించారు. మధ్యాహ్నం భోజనాల వేళకు తీగ కుండీలో ఉంది. చాలా ముక్కలు నిలిచాయి.

అప్పటి నుంచి తమలపాకు తీగకు పోస్టు ఆర్డరు తీసుకోవడం లేదు. అడిగినవారి ఊరికి రాత్రి బస్సు ఉందా అని ముందు చూస్తాం. ఉంటే సాయంత్రం కోస్తాం, లేకపోతే కార్తీకం దాకా ఆగమంటాం.